తిప్పతీగా, నల్లేరా: మేడ మీది కుండీకి ఏది మేలు?

మా మేడ మీద పడమటి పిట్టగోడ పక్కన రెండు కుండీలున్నాయి. ఒకదాంట్లో తిప్పతీగ, రెండోదాంట్లో నల్లేరు. ఒకే తొలకరికి రెండూ నాటాను. ఒక్క మందు తీగే పెంచే చోటుంటే ఏది పెట్టాలని అడిగేవాళ్లలో చాలామందికి తిప్పతీగ మీదే మనసు. కరోనా రోజుల్లో దానికి వచ్చిన పేరు అలాంటిది. కుండీకైతే నేను మాత్రం నల్లేరే అంటాను.

బతికే గుణంలో తిప్పతీగ దేనికీ తీసిపోదు. సంస్కృతంలో దాన్ని ఛిన్నరుహ అన్నారు, అంటే కోసినా మొలిచేది. చిటికెన వేలంత లావున్న ముదురు కాడను జానెడు ముక్క కోసి, ఒక కణుపు మట్టిలో ఉండేలా గుచ్చితే చాలు. చిక్కంతా ఆ తర్వాతే. అది చెట్టెక్కి పెరిగే తీగ. ఊళ్లో వేపచెట్టు మీదికి పాకి, దారాల్లాంటి ఊడలు కిందికి దింపుతుంది. వేప మీద పెరిగినదానికే గుణం ఎక్కువని పెద్దల మాట. ముఖ్యంగా వాడేది కాడను. కుండీలో ఆ కాడ లావెక్కడానికి ఏళ్లు పడుతుంది. వానాకాలంలో పదిహేను రోజులు పట్టించుకోకపోతే పక్కింటి కేబుల్ వైరు పట్టుకుంటుంది. చలికాలంలో ఆకు రాల్చేస్తే చచ్చిపోయిందని టెన్షన్ పడి పీకేస్తారు. పీకకండి, ఎండలు ముదిరాక చిగురిస్తుంది.

నల్లేరు దారి వేరు. నాలుగు పలకల పచ్చని కాడ, కణుపు కణుపుకీ ఒక నొక్కు. ద్రాక్ష కుటుంబానికి చెందింది. రెండు మూడు కణుపుల ముక్క కోసి, కోసిన చోట ఆరేదాకా ఒకట్రెండు రోజులు నీడలో ఉంచి, ఇసుక కలిపిన మట్టిలో నాటాలి. మే నెల ఎండకు కూడా వారానికి ఒకటి రెండుసార్లు నీళ్లు చాలు. ఊరెళ్లి పది రోజులకు వచ్చినా అలాగే ఉంటుంది. దానికి చేటు నీళ్లు ఎక్కువైతేనే: కుండీ అడుగున నీళ్లు నిలిస్తే కణుపుల దగ్గర కుళ్లిపోతుంది. నల్లేరు మీద బండి నడక అని ఊరికే అనలేదు. ఆ కండగల కాడలు చక్రం కింద నలిగిపోతాయే తప్ప బండిని ఆపవు. నలిగిన ముక్క మళ్లీ వేళ్లూనుకుంటుంది.

ఇంకో కారణం, నల్లేరు వంటింట్లోకి వస్తుంది. చివరి మూడు నాలుగు లేత కణుపులు తుంచి, చేతులకు నూనె రాసుకుని ఈనెలు తీయాలి. లేకపోతే దురద పెడుతుంది, అందులో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. నూనెలో బాగా వేయించి, ఎండుమిర్చి, మినప్పప్పు, చింతపండుతో నూరితే మంచి పచ్చడి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం జోలికి పోకపోవడమే మేలు. విరిగిన ఎముకలు అతికిస్తుందనే నమ్మకంతోనే దీన్ని అస్థిసంహారి అన్నారు. అయినా చెయ్యి విరిగితే ముందు ఎక్స్‌రే, కట్టు. పచ్చడి ఆ తర్వాత.

తిప్పతీగ కషాయం అలా పచ్చడిలా తినేసేది కాదు. 2021లో ముంబై వైద్యులు దాన్ని వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, దాన్ని పోలిన మరో తీగతో పొరబడి ఉండొచ్చంది. వాదన ఎలా ఉన్నా, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు, కాలేయ జబ్బులున్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా తాగకూడదు. కాడ నిండా మొటిమల్లాంటి బొడిపెలుంటే అది మన తిప్పతీగ కాకపోవచ్చు, వదిలేయండి.

మీ బాల్కనీలో ఎండే పడకపోతే ఈ రెండూ వద్దు, తమలపాకు పెట్టండి. నీడ, తడి దానికి ఇష్టం. పూజకూ తాంబూలానికీ ఆకు చేతికందుతుంది.

ఇంటి ముందు నేలలో వేపచెట్టు ఉంటే మాత్రం నా మాట మారుతుంది. అప్పుడు తిప్పతీగే. చెట్టు మొదలుకు మూరెడు దూరంలో నాటి, మొదటి వేసవి దాటేదాకా నీళ్లు పోయండి. తర్వాత దారి అదే చూసుకుంటుంది.