యూబ్లాక్ ఆరిజిన్ లాగర్: చాలాకాలం వాడాక

యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ప్రకటనలు ఆపుతుందని కొత్తగా చెప్పేదేముంది. ఫైర్‌ఫాక్స్‌లో నేను దాన్ని వదలకపోవడానికి కారణం వేరే ఉంది: దాని లాగర్. ఎక్స్‌టెన్షన్ బొమ్మ నొక్కితే కింద కనిపించే చిన్న గుర్తుల్లో ఒకటి ఓ పట్టిక తెరుస్తుంది. పేజీ ఎక్కడెక్కడి నుంచి ఏం తెచ్చుకోబోయింది, ఏది వచ్చింది, ఏది ఆగింది, ఏ నియమం వల్ల ఆగింది, అన్నీ వరుసగా ఉంటాయి. ఆగినవి ఎర్రగా. 'ఈ సైటు ఎందుకు పనిచేయట్లేదు' అన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు ఇచ్చేది నాకు ఇంకోటి దొరకలేదు.

దీని విలువ తెలిసేది 'మీరు మనిషేనని నిరూపించుకోండి' అనే పెట్టె దగ్గర. నేను వాడేది మీడియం మోడ్. అంటే బయటి డొమైన్ల (వేరే సైటు చిరునామాల) నుంచి వచ్చే స్క్రిప్టులు (పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాములు), ఫ్రేములు (పేజీలో పొదిగిన వేరే పేజీలు) ముందే అన్నీ ఆపేసి, కావాల్సినవి సైటువారీగా వదులుకోవడం. ఇలా పెట్టుకుంటే చాలా సైట్లలో ఆ పెట్టే రాదు. అది ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది, సబ్మిట్ బటన్ మసగ్గా ఉంటుంది. లాగర్ తెరిచి, ఆ తర్వాత పేజీ రీలోడ్ చేయాలి (తెరిచి ఉన్నప్పుడే అది రాసుకుంటుంది, అంతకుముందు జరిగింది చూపించదు). ఎర్ర వరుసల్లో అసలు పేరు బయటపడుతుంది. ఆ పెట్టె క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ టర్న్‌స్టైల్ అయితే క్లౌడ్‌ఫ్లేర్ డొమైన్, గూగుల్ వాళ్ల రీక్యాప్చా అయితే గూగుల్, జీస్టాటిక్ డొమైన్లు రెండూ. ఈ రెండోదాన్ని మరిచిపోతే పెట్టె పని జరగదు. ఎక్స్‌టెన్షన్ బొమ్మ నొక్కితే డొమైన్ల పేర్ల పక్కన రంగు గడుల పట్టిక ఉంటుంది. ఆ సైటు వరకు ఆ డొమైన్ గడిని బూడిద రంగుకు మార్చి, తాళం గుర్తు నొక్కితే అయిపోయింది. ఆకుపచ్చకు మాత్రం మార్చకండి. దాంతో ఫిల్టర్ జాబితాలు (ఏవి ఆపాలో చెప్పే సిద్ధ నియమాలు) కూడా పక్కకు తప్పుకుంటాయి.

నన్ను బాగా ఏడిపించింది ఓ షాపింగ్ సైటు లాగిన్ పేజీ. టిక్ పెడితే పచ్చగా వెలిగేది, పేజీ మళ్లీ లోడయ్యేది, మళ్లీ అదే పెట్టె. లాగర్ చూస్తే సంబంధం ఉన్న ఎర్ర వరుస ఒక్కటీ లేదు. ఆ సైటుకు యూబ్లాక్‌ను పూర్తిగా ఆపేశాను, అదే తంతు. అడ్రస్ బార్‌లోని కవచం నొక్కి ఫైర్‌ఫాక్స్ సొంత రక్షణ కూడా ఆపాను, మార్పు లేదు. కస్టమర్ కేర్‌కు రాస్తే కుకీలన్నీ తుడిచేయమన్నారు! పరీక్ష నెగ్గామని సైటు గుర్తుపెట్టుకునేదే కుకీతో. తుడిచేస్తే మళ్లీ మొదటికే కదా. క్లౌడ్‌ఫ్లేర్ పరీక్షల్లో ఆ గుర్తింపు మామూలుగా చెల్లేది 30 నిమిషాలు. నా అనుమానం కూడా అటే వెళ్లింది, ట్యాబ్ మూయగానే కుకీలు తుడిచే ఇంకో ఎక్స్‌టెన్షన్ ఉండేది మరి. దాన్ని తీసేసినా పెట్టె వదల్లేదు.

దారి దొరికింది ప్రైవేట్ విండోలో. మనం విడిగా అనుమతి ఇస్తే తప్ప ఫైర్‌ఫాక్స్ ప్రైవేట్ విండోలో ఎక్స్‌టెన్షన్లు నడవవు. పాత కుకీలూ ఉండవు. అక్కడ కూడా పెట్టె తిరిగొస్తోందంటే తప్పు ఆ రెండింటిదీ కాదు. ఫైర్‌ఫాక్స్ 'అబౌట్ ప్రొఫైల్స్' పేజీలో కొత్త ప్రొఫైల్ (సెట్టింగులన్నీ కొత్తగా మొదలయ్యే విడి అర) చేసి చూస్తే ఒక్క టిక్‌తో లోపలికి వెళ్లిపోయాను. ఇక పాత ప్రొఫైల్‌లో 'అబౌట్ కాన్ఫిగ్' అనే లోతైన సెట్టింగుల పేజీలో మార్చిన సెట్టింగులు మాత్రమే చూపించమని, ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతూ పోతే దొరికింది: రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్.

బ్రౌజర్ ఆనవాళ్లను బట్టి మనల్ని గుర్తుపట్టనివ్వకుండా చేసే సెట్టింగ్ అది, ఎవరో తెలియకుండా వెబ్ చూడడానికి వాడే టార్ బ్రౌజర్ అవసరాల నుంచి వచ్చింది. మన టైమ్ జోన్ దాచి గ్రీన్‌విచ్ సమయం చెబుతుంది, గడియారం కచ్చితత్వం తగ్గిస్తుంది, పేజీ కాన్వాస్ (స్క్రిప్టులు బొమ్మ గీసే చోటు) మీద గీసింది చదవబోతే చెత్త అంటగడుతుంది. ట్రాకర్లను తికమకపెట్టడానికి బాగానే ఉంటుంది, కానీ మనిషా, బాట్ (దానంతటదే నడిచే ప్రోగ్రామ్) అా అని తేల్చే స్క్రిప్టులు కూడా ఇలాంటి ఆనవాళ్లే వెతుకుతాయి. పైగా ఇదంతా బ్రౌజర్ లోపలే జరుగుతుంది, నెట్‌వర్క్‌లో ఏదీ ఆగదు. లాగర్ ముఖ్యంగా చూసేది నెట్‌వర్క్ రాకపోకలు. పైన 'సూటి జవాబు' అన్నది అంతవరకే అనుకోండి.

మీడియం మోడ్‌కు ఇంకో చోట కూడా దండం పెట్టాల్సి వచ్చింది. మన దగ్గర ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణ 2009 నుంచీ ఉంది. కొన్ని పేమెంట్ గేట్‌వేలలో (చెల్లింపు నడిపే సేవల్లో) ఆ ఓటీపీ పేజీ ఫ్రేమ్‌గా వస్తుంది, బ్యాంకును బట్టి డొమైన్ మారుతుంది కాబట్టి ముందే వదిలిపెట్టి ఉంచలేం. తెల్ల తెర ఎదురుగా టైమర్ తిరుగుతుంటే లాగర్ తెరిచి, గడి మార్చి, రీలోడ్ కొట్టే ధైర్యం నాకు లేదు. డబ్బు పనులకు ఎక్స్‌టెన్షన్లేవీ లేని ఇంకో ప్రొఫైల్ పెట్టుకున్నాను. థర్డ్ పార్టీ (మనం తెరవని బయటి సైట్ల) కుకీలన్నీ ఆపే కస్టమ్ సెట్టింగ్ కూడా తీసేశాను. 2022 నుంచి ఫైర్‌ఫాక్స్ ఏ సైటు కుకీలను ఆ సైటు డబ్బాలోనే ఉంచుతోంది, నాకది చాలు.

క్రోమ్ వాడేవాళ్లకు ఈ పొగడ్తలతో పనిలేదు. మ్యానిఫెస్ట్ వీ2 (యూబ్లాక్ ఆరిజిన్ రాసిన పాత పద్ధతి) ఎక్స్‌టెన్షన్లను 2025లో అక్కడ పూర్తిగా తీసేశాక మిగిలింది యూబ్లాక్ ఆరిజిన్ లైట్. అందులో ఈ గడుల పట్టికా లేదు, ఈ తరహా లాగరూ లేదు.

కంప్యూటర్ నేనొక్కణ్నే వాడతాను, ఏది ఎందుకు ఆగిందో వెతకడం నాకు సరదా కాబట్టి మీడియం మోడ్ ఉంచుకున్నాను. అమ్మ ల్యాప్‌టాప్‌లో యూబ్లాక్ మామూలు మోడ్‌లోనే ఉంది, అక్కడ లాగర్ తెరవాల్సిన అవసరం దాదాపు రాలేదు. రెసిస్ట్ ఫింగర్‌ప్రింటింగ్ మాత్రం మళ్లీ ఆన్ చేయలేదు. వెంటపడేవాళ్ల భయం నిజంగా ఉన్నవాళ్ల లెక్క వేరు. కరెంటు బిల్లు కట్టి, బస్సు టికెట్లు కొనుక్కునే నాకు దానివల్ల ఒరిగేది తక్కువే.