జులు రాజు ట్రస్టు భూమి: పీటీఓనా, లీజా, సొంత పట్టానా?

ఇంగొన్యామా ట్రస్టు మాట ఎత్తగానే చాలామంది అడిగేది ఒకటే: "అంత భూమి రాజు పేరున ఎందుకు, తలా ఒక పట్టా ఇచ్చేస్తే పోలా?" దక్షిణాఫ్రికా క్వాజులు-నటాల్‌లో దాదాపు 28 లక్షల హెక్టార్లు ఈ ట్రస్టువే, జులు రాజు ఏకైక ట్రస్టీ, చట్టమేమో 1994 ఎన్నికలు ఇంకో కొద్ది రోజులుందనగా హడావుడిగా వచ్చింది. ఆ రాజకీయం పక్కన పెడదాం. నన్నడిగితే తేల్చుకోవాల్సింది ఒక్కటే, ఆ భూమిలో ఇల్లు కట్టుకుని ఉంటున్నవాళ్లు హక్కుదారులా, అద్దెకున్నవాళ్లా?

పాత పద్ధతిలో ఊరిపెద్ద, ఆపైన సంప్రదాయ నాయకుడు (ఇందునా, ఇన్‌కోసి) ఒప్పుకుని స్థలం చూపిస్తారు, వాళ్లకు ఖోంజా (విధేయత చాటే కానుక) కింద ఎంతో కొంత ముట్టజెబుతారు, తర్వాత పీటీఓ (పర్మిషన్ టు ఆక్యుపై), అంటే అక్కడ ఉండేందుకు అనుమతి పత్రం వస్తుంది. నెలనెలా అద్దె గొడవ లేదు, తరాలు మారినా కుటుంబం అక్కడే ఉంటుంది.

2007 నుంచి ట్రస్టు బోర్డు ఈ పీటీఓలను లీజులుగా మార్చుకోమని జనం వెంటపడింది. నలభై ఏళ్ల లీజు, అద్దె ఏటా పది శాతం పెరుగుతుంది. వెయ్యి రాండ్లతో మొదలైందనుకోండి, ఎనిమిదో ఏటికే దాదాపు రెట్టింపు, చివరి ఏడాదికి నలభై వేలు దాటేస్తుంది. తాతల నాటి నుంచి ఉంటున్న చోటే అద్దె కట్టాలి, కట్టకపోతే ఖాళీ చేయాలన్న టెన్షన్ వేరే! బ్యాంకు లోను వస్తుందని ఆశ పెట్టారుగానీ, హక్కు వదులుకుని లోను తెచ్చుకోవడం ఏం బేరమో నాకైతే అర్థం కాదు. 2021 జూన్‌లో పీటర్‌మారిట్స్‌బర్గ్ హైకోర్టు ఈ లీజులు చెల్లవని, వసూలు చేసిన అద్దె వెనక్కివ్వాలని చెప్పింది.

సొంత పట్టాకు లాభాలు లేకపోలేదు, అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు. డర్బన్ అంచుల్లో ఉన్నవాళ్లు అదే కోరుకుంటే తప్పుపట్టలేం. కానీ లోపలి పల్లెల్లో అప్పు తీరకపోతే పోయేది ఉన్న ఒక్క ఇల్లే. ఊరంతా సంఘంగా ఏర్పడి భూమి ఉంచుకునే కమ్యూనల్ ప్రాపర్టీ అసోసియేషన్లూ ఉన్నాయి, 1996 చట్టం కింద, ట్రస్టు భూమికి అది ఇప్పట్లో అయ్యే పని కాదు.

నా ఓటు పీటీఓ లాంటి హక్కుకే, ఒక్క షరతు మీద. ఆ పత్రాలు మొదట్నుంచీ మగవాళ్ల పేరునే నడిచాయి, లీజుల కాలంలోనూ ఆడవాళ్లను మగతోడు తెచ్చుకుని సంతకం పెట్టమన్నారు. భర్త పోయిన ఆమె పేరు రికార్డులోకి ఎక్కనంతవరకు పీటీఓ అయినా ఆమెకు ఒరిగేదేమీ లేదు.