రీలు తిప్పాలా, ఫైలు పెట్టాలా?

ఫిల్మ్ మీద బొమ్మలు తీసే బ్రిటిష్ కళాకారిణి టాసిటా డీన్ పనుల గురించి తెలిసినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: ఆమెలా గ్యాలరీ కోసం బొమ్మ తీయాలంటే 16 ఎం.ఎం. ఫిల్మే కావాలా? డిజిటల్లో తీసి పైన గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్నని రేణువులు) వేస్తే చాలదా? పోనీ, ఫిల్మ్ మీద తీసి స్కాన్ చేయించుకుంటే?

ఈ వాదన ఎప్పుడూ రంగులు, గ్రెయిన్ దగ్గరే తిరుగుతుంది. రంగుల కోసమే అయితే ఇంత తంటా అక్కర్లేదు. కాస్త చెయ్యి తిరిగిన కలరిస్టు (రంగులు సరిచేసేవాడు) డిజిటల్‌ని ఫిల్మ్‌కి చాలా దగ్గరగా తేగలడు. నా లెక్కలో తేల్చాల్సింది ఒకటే: చివరికి గదిలో తిరిగేది ఏమిటి?

16 ఎం.ఎం. ప్రొజెక్టర్‌లో ప్రతి ఫ్రేమూ గేటు (ఫిల్మ్ మీద వెలుగు పడే కిటికీ) దగ్గర ఓ క్షణం ఆగుతుంది. షట్టర్ వెలుగును మూయగానే పళ్లు తర్వాతి ఫ్రేమును కిందికి లాగుతాయి. సెకనుకు 24 ఫ్రేములు. షట్టర్‌కి రెండు రెక్కలుంటే ఒక్కో ఫ్రేము రెండుసార్లు పడుతుంది, అంటే సెకనుకు 48 వెలుగులు, వాటి నడుమ అన్నే చీకట్లు. అందుకే ఏ కదలికా లేని షాటు కూడా తెర మీద సన్నగా అదురుతూ ఉంటుంది. ఫైలుకు గ్రెయిన్ తగిలించవచ్చు గానీ, మామూలు డిజిటల్ ప్రొజెక్టర్ ఆ చీకటిని ఇవ్వదు.

డీన్ 2001లో తీసిన 'ద గ్రీన్ రే' చూడండి. మడగాస్కర్ తీరంలో సూర్యుడు మునిగే ఆఖరి క్షణాన మెరిసే పచ్చ కిరణం కోసం తీసింది. పక్కనే వీడియో తీసినవాళ్లు అక్కడికక్కడే తిప్పి చూసుకుంటే కిరణం లేదు. ఆమె రీలు ఇంగ్లండులో కడిగించాక కనిపించింది. ఇది వీడియో ఓటమికి రుజువని కొందరంటారు. అప్పటి వీడియో కెమెరాతో ఇప్పటి సెన్సర్‌ను కొలవడం న్యాయం కాదు. అసలు విషయం వేరే ఉంది: ఆ పచ్చదనం ఏ ఒక్క ఫ్రేములోనూ పట్టుబడదు, ఫ్రేములు కదులుతున్నప్పుడే ఉంటుందని డీన్ రాసింది.

ఫిల్మ్‌కి ఇంకో బలం కెమెరా గేటులో మాస్కు, అంటే ఫ్రేములో కొంత భాగానికి వెలుగు తగలకుండా అడ్డంపెట్టే పలక. 2011లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియం టర్బైన్ హాల్లో నిలువుగా 13 మీటర్ల ఎత్తున చూపిన 'ఫిల్మ్' 35 ఎం.ఎం.లో తీసిన 11 నిమిషాల మూగ బొమ్మ. గేటులో మాస్కు పెట్టి కొంత భాగం తీయడం, రీలు వెనక్కి తిప్పి మాస్కు మార్చి మిగతాది తీయడం, అంతా కెమెరాలోనే. ఫ్రేము లెక్క ఒకటి తప్పితే రెండు భాగాలూ కలవవు. డిజిటల్లో ఇదే పని ఎడిటింగ్ బల్ల మీద గంటలో అయిపోతుంది, తప్పితే మళ్లీ చేసుకోవచ్చు.

ఇక ఖర్చయ్యేది అడుగుల్లో. 16 ఎం.ఎం.లో అడుగుకు 40 ఫ్రేములు, కాబట్టి 100 అడుగుల స్పూలు 2 నిమిషాల 47 సెకన్లకే అయిపోతుంది. స్ప్రింగుతో నడిచే బోలెక్స్ కెమెరాకి ఒకసారి కీ ఇస్తే 28 సెకన్లు నడుస్తుంది. అంతకంటే పొడుగు షాటు కావాలంటే మోటారు ఉన్న కెమెరా, 400 అడుగుల మ్యాగజైన్ (కెమెరాకి తగిలించే ఫిల్మ్ డబ్బా) చూసుకోవాలి.

కష్టాలు అసలు మొదలయ్యేది ప్రదర్శనలో. పది నిమిషాల బొమ్మ అంటే 360 అడుగులు. రోజుకు 8 గంటలు లూపులో తిప్పితే 48 ఆటలు, 26 రోజులకు 1,248. గేటులో చేరిన దుమ్ము గీత పెడుతుంది, లూపర్‌లో (ఫిల్మును ఆగకుండా మళ్లీ మళ్లీ తిప్పే అమరిక) ఫిల్మ్ తనమీద తానే రాసుకుని ఇంకో గీత పెడుతుంది. రోజూ తెరిచేముందు గేటు, రోలర్లు మెత్తని బట్టతో తుడవాలి. రెండో ప్రింటు పెట్టెలో సిద్ధంగా ఉండాలి. పాలియెస్టర్ ప్రింటుకు సిమెంట్ అతుకు (ఫిల్మ్ జిగురుతో వేసేది) పట్టదు, టేపో అల్ట్రాసోనిక్ అతుకో వేయాలి. పైగా అది తెగదు. చిక్కుకుంటే ప్రొజెక్టర్ పళ్లే విరుగుతాయి. టూరింగ్ టాకీసులో రీలు తెగితే ఈలలతో సరిపోయేది! ఆప్టికల్ సౌండ్ (ఫిల్మ్ అంచున ముద్రించిన ధ్వని) ఉంటే అది బొమ్మకంటే 26 ఫ్రేములు ముందు నడుస్తుంది కాబట్టి, అతుకుకు రెండు పక్కలా రెండేసి అడుగుల నల్ల లీడర్ (బొమ్మ లేని ఫిల్మ్) వదలండి. 250 వాట్ల దీపంతో తెర వెడల్పు రెండు మీటర్లు దాటనివ్వకండి, వెలవెలబోతుంది.

ఫైలుకు ఈ బాధల్లేవు. 24 ఫ్రేముల ఫైలును ప్లేయర్ 60 హెర్ట్జ్‌లో పంపితే పానింగ్ (కెమెరా పక్కకు తిరిగే షాటు) కుదుపుతుంది, అవుట్‌పుట్ 24కి మార్చండి. ప్రొజెక్టర్‌లో మోషన్ స్మూతింగ్ (మధ్యలో లేని ఫ్రేములు కల్పించే సెట్టింగ్) ఆపేయండి. లూపు మధ్యలో మెనూ కనబడకుండా చూసుకోండి. అంతే.

ఫిల్మ్ మీద తీసి స్కాన్ చేసి ఫైలుగా చూపించడం నాకు నచ్చని బేరం. నెగటివ్, ల్యాబు, స్కానింగ్ ఖర్చంతా పెట్టి ఆ చీకటినే వదిలేసుకుంటారు. కెమెరాలో మాస్కు పని ఉంటే మాత్రం ఒప్పుకోవచ్చు. సూపర్ 8 (8 ఎం.ఎం. చిన్న ఫిల్మ్) సాధన వరకు సరే. 50 అడుగుల కార్ట్రిడ్జ్ 24 ఫ్రేముల వేగంలో రెండున్నర నిమిషాలొస్తుంది, కానీ గ్యాలరీ తెరకు చాలదు.

కాబట్టి మొదట కెమెరా గురించి కాదు, ప్రదర్శించే గది గురించి అడగండి. చీకటి గది, ఇద్దరు ఆపరేటర్లు, రెండు ప్రింట్లు, స్పేర్ ప్రొజెక్టర్ ఉన్నాయంటే 16 ఎం.ఎం.లోనే తీయండి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మొదటి రోజు నుంచే డిజిటల్లో తీయండి, గ్రెయిన్ వేయకండి.