ఏటికొప్పాక లక్క బొమ్మల సెట్టు: బొంగరానికి ఫుల్ మార్కులు, పూసల దారానికి సున్నా

అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైనదాన్ని. బొమ్మ కొనేముందు దాంతో వేళ్లకు ఏం పని పడుతుందో చూస్తాను. నాలుగేళ్ల మనవడికి తీసుకున్న ఈ సెట్టులో చిన్న బొంగరాలు, సైజు వారీగా పేర్చే రింగులు, గుచ్చే పూసలు ఉన్నాయి.

నాకు బాగా నచ్చింది బొంగరం. తాడు ఉండదు, కాడను బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో పట్టి మెలితిప్పాలి. రేపు పెన్సిల్ పట్టేదీ ఆ మూడు వేళ్లే. అది తిరుగుతూ బల్ల అంచుకి పోతుంటే వాడి కళ్లు దాని వెంటే వెళ్తాయి, పడేలోపు చెయ్యి అడ్డం పెడతాడు. మూడేళ్లకే పలక మీద 'అ' రాయట్లేదని బెంగపడే తల్లులకు ముందు ఇలాంటి ఆటలు ఆడించమని చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

రింగులు వీడికి మరీ తేలిక. రెండేళ్ల పిల్లలకు సరిపోతాయి.

పూసలతో వచ్చిన దారం మాత్రం దండగ. కొస మెత్తగా వంగిపోయి వాడికి కోపం వచ్చేది. గట్టి కొస ఉన్న షూ లేసు ఇచ్చాక ఒక చేత్తో పూస, ఇంకో చేత్తో లేసు పట్టుకుని తనే గుచ్చుతున్నాడు. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే పూసలు అందకుండా పెట్టండి, మింగేస్తారు.

అంకుడు కర్ర కాబట్టి తేలిగ్గా ఉంటాయి. ఈ బొమ్మలకు 2017లో జీఐ (ఫలానా ప్రాంతపు సొంత వస్తువని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. లక్కలో కలిపినవి సహజ రంగులేనా అని అడిగి మరీ కొనండి. నీళ్లలో నానబెట్టొద్దు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు.