నెల్లూరు సందులో కుట్టించిన బ్యాగు, పెరూ కొండల మీద

నెల్లూరు ట్రంకు రోడ్డులోంచి లోపలికి తిరిగే ఒక సందులో, బియ్యం కొట్టును ఆనుకుని ఒక బ్యాగుల రిపేరు షాపు ఉంది. బోర్డు లేదు. తలుపుకు వేలాడే స్కూలు బ్యాగులే గుర్తు. ఐదు వారాలు పెరూ, బొలీవియాల్లో కొండలెక్కి వచ్చాక ఆ షాపు గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

దాచుకున్న డబ్బులో సగానికి పైగా విమానం టిక్కెట్లకే పోయింది. కొత్త ట్రెక్కింగ్ బ్యాగు అడిగితే 14 వేలన్నారు. ఆ డబ్బుతో పెరూలోని హువారాజ్ ఊళ్లో హాస్టల్ మంచం, రెండు పూటల భోజనం కలిపి పది రోజులు గడిచిపోతాయి. అందుకని మా పెద్దమ్మ కొడుకు వాడి వదిలేసిన 55 లీటర్ల బ్యాగు అటక మీంచి దించాం. ఒక భుజం పట్టీ మొదట్లో తెగిపోతోంది. జిప్పు వేస్తుంటే వెనకాలే విచ్చుకుంటోంది. నడుం బెల్టులో ఫోమ్ అప్పడంలా అణిగిపోయింది.

పట్టీ, జిప్పు చూడమని మాత్రమే ఇచ్చాను. మేస్త్రి బ్యాగుని బోర్లా వేసి, నేను చెప్పని నడుం బెల్టుని బొటనవేలితో నొక్కి చూశారు. "ఎన్ని కిలోలు మోస్తావమ్మా?" అన్నారు. పన్నెండు, పదమూడు ఉండొచ్చన్నాను. "అయితే భుజాలు చాలవు. బరువు నడుం మీద కూర్చోవాల" అని బెల్టు విప్పేశారు. చచ్చిన ఫోమ్ తీసి గట్టి రబ్బరు షీటు కోసి పెట్టారు. పట్టీ మొదట్లో, లోపలివైపు లారీ టార్పాలిన్ ముక్క వేసి, చతురస్రంగా కుట్టి, మధ్యలో అడ్డంగా రెండు గీతలు కుట్టారు. అన్ని మడతల్లోకి మిషను సూది దిగలేదు. ఆ నాలుగంగుళాలూ దబ్బనంతో, నైలాన్ దారంతో చేత్తోనే కుట్టారు. జిప్పు మొత్తం మార్చకుండా రన్నర్ ఒక్కటే మార్చి ఖర్చు తగ్గించారు.

ఆ తర్వాత చేసిన పని ఇంకే షాపులోనూ చూడలేదు. పక్క కొట్టులోంచి పన్నెండు కిలోల బియ్యం సంచి తెప్పించి, బ్యాగులో పెట్టి, సందు చివరిదాకా నడిచి రమ్మన్నారు. వెనకనుంచి చూసి, "ఎడమ పక్క దిగతా ఉంది" అని కుట్టు విప్పి మళ్లీ వేశారు. మొత్తం 1,150 రూపాయలు. నాలుగు రోజులన్నది తొమ్మిది రోజులైంది. ప్రయాణం దగ్గరపడి నాకు బాగా టెన్షన్ వచ్చింది, అది చెప్పాల్సిందే.

హువారాజ్ దగ్గర శాంటా క్రూజ్ అని నాలుగు రోజుల నడక, సుమారు 50 కిలోమీటర్లు. గుంపులుగా వెళ్లేవాళ్ల సామాను గాడిదలు మోస్తాయి. నా బడ్జెట్‌కి గాడిద అందలేదు. అద్దె టెంటుతో సహా అన్నీ నా వీపు మీదే. రెండో రోజు పుంటా యునియన్ కనుమ, 4,750 మీటర్లు. పదడుగులు వేయడం, ఆగి ఊపిరి తీసుకోవడం. అంత ఎత్తులో నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి బియ్యం ఎంతసేపు ఉడికించినా పలుకే. అటుకులు, కారప్పొడి తీసుకెళ్లడం మంచిదైంది. కనుమ దాటగానే కింద తౌయికోచా సరస్సు, దాని మీదికి మంచు కొండ. అక్కడ బ్యాగు దించి చూస్తే భుజాల మీద ఎర్రటి గీత కూడా లేదు. బరువంతా నడుమే మోసింది.

లోపం ఒకటుంది. ఆయన కుట్టిచ్చిన వాన కవరుకి ఎలాస్టిక్ వదులు. కనుమ మీద గాలికి లేచిపోయి, వడగళ్లలో బ్యాగు పైభాగమంతా తడిసింది. స్లీపింగ్ బ్యాగు మాత్రం తడవలేదు. యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ కవరు ఒకటి శుభ్రంగా కడిగి, "బట్టలన్నీ ఇందులో పెట్టుకో" అని ఆయనే ఇచ్చారు. ఆ రాత్రి వెచ్చగా నిద్రపోయానంటే దాని వల్లే.

తర్వాత టిటికాకా సరస్సు, 3,812 మీటర్లు. బొలీవియా వైపు ఇస్లా దెల్ సోల్ అనే దీవిలో కార్లుండవు, పడవ దిగగానే ఎదురుగా ఇంకాల కాలం నాటి రాతి మెట్లు. అవి కూడా ఈ బ్యాగుతోనే ఎక్కాను. పైన ఒక చిన్న హోటల్లో వేయించిన ట్రౌట్ చేప, అన్నం పెట్టారు. చేప తాజాగా, చాలా బాగుంది. పులుసు మాత్రం గుర్తొచ్చింది.

వచ్చిన వారానికి బ్యాగు తీసుకుని షాపుకి వెళ్లాను. ఆయన నన్ను పలకరించకముందే పట్టీ మొదలు పట్టుకుని గట్టిగా లాగి చూశారు. ఒక్క పోగూ కదల్లేదు. కవరు సంగతి చెబితే కొత్త ఎలాస్టిక్ వేసి, డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం షాపు ఉండదు. మిగతా రోజుల్లో పదిన్నర దాటాక, ప్రయాణానికి నెల ముందే వెళ్లండి. బ్యాగు ఖాళీగా కాదు, మోయబోయే సామానంతా పెట్టుకుని వెళ్లండి.