ఎ, ది, ఖాళీ: ఎక్కడ ఏది మేలు?

ఇంగ్లిష్ నామవాచకం ముందు ‘ఎ’ (లేదా ‘యాన్’) పెట్టాలి, లేదా ‘ది’ పెట్టాలి, లేదా ఖాళీగా వదిలేయాలి. ‘మొదటిసారి ఎ, రెండోసారి ది’ అని బడిలో చెప్పే సూత్రం సగమే పనిచేస్తుంది. ‘క్లోజ్ ది డోర్’ అనేటప్పుడు ఆ తలుపు ఊసు అంతకుముందు ఎవరూ ఎత్తలేదు. అయినా ‘ది’యే సరి, ఏ తలుపో వినేవాడికి తెలుసు కదా.

ముందు ‘ఎ’కీ ఖాళీకీ మధ్య పోటీ చూద్దాం. మనవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. ‘ఆయన టీచరు’ అంటే తెలుగులో సరిపోతుంది, అందుకే ‘హి ఈజ్ టీచర్’, ‘ఐ హ్యావ్ బైక్’ అనేస్తాం. లెక్కపెట్టగలిగేది ఏకవచనంలో ఉంటే దాని ముందు ఎ, ది, మై, దిస్ లాంటిది ఏదో ఒకటి ఉండాల్సిందే. ‘బై బస్’, ‘ఎట్ హోమ్’ లాంటి కొన్ని స్థిరపడిన మాటలకే మినహాయింపు. పిల్లవాడు చదువుకోడానికి ‘గోస్ టు స్కూల్’. ఫీజు కట్టడానికి వెళ్లే తండ్రి ‘గోస్ టు ది స్కూల్’. ఆస్పత్రిలో ఉన్న రోగిని బ్రిటిష్‌వాళ్లు ‘ఇన్ హాస్పిటల్’ అంటారు, అమెరికన్లు ‘ఇన్ ది హాస్పిటల్’ అంటారు. రెండూ ఒప్పే.

అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్ లెక్కకు రావు కాబట్టి ‘యాన్ అడ్వైస్’ తప్పు. ‘సమ్ అడ్వైస్’ అనండి, ఒక్కటే అయితే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’. ‘లిటిల్’ దగ్గర మాత్రం అర్థమే తిరగబడుతుంది. ‘ఎ లిటిల్ మనీ’ అంటే కాస్తో కూస్తో ఉంది, ‘లిటిల్ మనీ’ అంటే దాదాపు లేనట్టే.

‘ఎ’యా ‘యాన్’యా అన్నది స్పెల్లింగ్ తేల్చదు, శబ్దం తేలుస్తుంది. యాన్ ఎమ్మెల్యే, యాన్ ఎఫ్ఐఆర్, యాన్ అవర్. కానీ ఎ సీఐ, ఎ యూనివర్సిటీ, ఎ యూపీఐ పేమెంట్, ఎ వన్ రూపీ కాయిన్. ‘యెమ్మెల్యే’ అని య కలిపి పలికే అలవాటుంటే ఇక్కడ చెవి మోసం చేస్తుంది, జాగ్రత్త.

ఇక ‘ది’కీ ఖాళీకీ మధ్య. ఇక్కడ తప్పు ఎదురువైపు నుంచి వస్తుంది, అక్కర్లేని చోట కూడా ‘ది’ తగిలిస్తాం. ‘ది లైఫ్ ఈజ్ షార్ట్’, ‘ది సొసైటీ ఈజ్ చేంజింగ్’. మొత్తం జాతి గురించో భావం గురించో మాట్లాడేటప్పుడు ఖాళీయే మేలు. ‘ఐ లైక్ మ్యాంగోస్’ అంటే మామిడిపండ్లంటే ఇష్టమని. ‘ఐ లైక్ ది మ్యాంగోస్’ అంటే ఈ బుట్టలోవి నచ్చాయని.

పేర్ల దగ్గర కొంత బట్టీ పట్టక తప్పదు. నదులకు, సముద్రాలకు, పర్వతశ్రేణులకు ‘ది’: ది గోదావరి, ది బే ఆఫ్ బెంగాల్, ది హిమాలయాస్. ఒంటరి శిఖరానికి, సరస్సుకు వద్దు: మౌంట్ ఎవరెస్ట్, కొల్లేరు లేక్. ఇండియా, దుబాయ్ ఖాళీగానే ఉంటాయి. అయితే అమెరికాలో ఉన్న అబ్బాయి ‘ఇన్ ది యూఎస్’, అబుదాబిలో పనిచేసే అన్న ‘ఇన్ ది యూఏఈ’.

ఏదీ తేలకపోతే ఏకవచనాన్ని మాత్రం ఒంటరిగా వదలకండి. బహువచనమో లెక్కకు రానిదో అయితే ఖాళీకే మొగ్గండి.