సముద్రయానం మీద మ్యూజికల్: ప్రివ్యూలో చూడాలా, ఓపెనింగ్ అయ్యాకా?

న్యూయార్క్‌లోని నాటకశాలల ప్రాంతం బ్రాడ్‌వేలో కొత్త మ్యూజికల్ (పాటలతో నడిచే నాటకం) అధికారికంగా ఓపెన్ కాకముందే, కొన్ని వారాలు టికెట్లు అమ్మి మరీ, షోను సరిదిద్దుకుంటూ ప్రివ్యూలు వేస్తారు. అందుకే ఈ సందేహం.

ఖర్చు: ప్రివ్యూ టికెట్ తరచూ కాస్త చవక. తర్వాత రివ్యూలు బాగుంటే సీటు దొరకడమే గగనం.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. ఓడ సెట్ తిరగాలి, పొగ కమ్మాలి, పాట మలుపు దగ్గర తెరచాప లేవాలి. ప్రివ్యూలో ఏది మొరాయించినా షో కాసేపు ఆగొచ్చు. ఇవాళ విన్న పాట వచ్చే వారం ఉండకపోవచ్చు కూడా. అలాగని ఆగితే? షోనే ఉండకపోవచ్చు. బ్రిటిష్ గాయకుడు స్టింగ్ పాటలు రాసిన ఓడల కథ ‘ది లాస్ట్ షిప్’ 2014 అక్టోబర్‌లో ఓపెనై, 2015 జనవరిలోనే మూతపడింది.

శ్రమ: రెంటికీ ఒకటే, క్యూతో సహా.

ఎప్పుడో ఒకసారి న్యూయార్క్ వెళ్లేవాళ్లకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు ఓపెనింగ్ తర్వాతే మేలు. షో ఎలా రూపుదిద్దుకుంటుందో చూడాలనే సరదా ఉంటే ప్రివ్యూ. నా ఓటు మాత్రం ప్రివ్యూల చివరి రోజులకే: అప్పటికి మార్పులు దాదాపు ఆగిపోతాయి, రివ్యూల హడావుడి ఇంకా మొదలవదు.